వ్రణమునకుఁ గట్టు: మన పూర్వుల పొదియు నేఁటి శాస్త్రమును

(రాయచోటి వార్షిక మహాసభలోఁ జదివిన యుపన్యాసము)



వీరభద్రస్వామి సన్నిధిని, మాండవ్యనదీ తీరమునఁ గూడిన యీ మహాసభలో మాటలాడు నవకాశమును మాకుఁ గలిగించిన కార్యనిర్వాహకులకు మా కృతజ్ఞతాపూర్వక వందనములు. నాయీబ్రాహ్మణ కులముయొక్క పూర్వవైభవమును గూర్చి ప్రసంగింపుఁడని వారు మమ్ముఁ గోరిరి. ధన్వంతరి మన మూలపురుషుఁడనియు, మన మంగళవాద్యము లేక శుభకార్యము లేదనియు ప్రతి సంవత్సరమును జెప్పుకొనుచునే యున్నాము. అవి యసత్యములని మేమనము. కాని సంవత్సరమునకొక్కమాఱు విప్పి చూచుకొని మరల మడిచి పెట్టెలోఁ బెట్టు పట్టువస్త్రమువలె వైభవమును దాఁచుకొనుట మాకుఁ దృప్తికరముగా లేదు. కావున ఆ వస్త్రములో నొక్క పోగును మాత్రము పట్టి లాగి, అది నేఁటికి నెంతవఱకు గట్టిగా నున్నదో చూడఁదలఁచితిమి. ఆ పోగు వ్రణచికిత్స. వాడుకమాటలోఁ జెప్పవలెనన్న, పుండుకుఁ గట్టు కట్టుట.

మన తాతలనాఁటి పొదిని గన్నులారఁ జూచినవారు ఈ సభలో నింకను గొందఱుందురు. తోలుతోఁ గుట్టిన యా సంచిలో నొకవైపు కత్తులు, సానరాయి, కత్తెర, గోరుగల్లు నుండెడివి. అవి గడ్డమునకును దలకును. రెండవవైపు నుండినవే నేఁడు మాకు ముఖ్యములు: ముల్లు దీయు శ్రావణము, చెడునెత్తురు పీల్చు కొమ్ము, పాతచీరను జింపి యుదికి యెండఁబెట్టిన పేలికలు, పసుపుకొమ్ము, ఆముదపు బుడ్డి. సెగగడ్డ పండినదో లేదో వ్రేలితో నొత్తి చూచి చెప్పుట, పండినదానిని గోసి చీము వెడలించుట, జలగలఁ బట్టించుట, కాలిలో విఱిగిన తుమ్మముల్లు నూడఁదీయుట, పుండు కడిగి కట్టు మార్చుట, ఇవి యన్నియు గ్రామమున మనవారి పనులే. మన యిండ్ల స్త్రీలు మంత్రసానులై బొడ్డుకోసి బాలింతల నూఱడించిరి. ప్రతిఫలము కోఁతలనాఁడు కళ్ళమువద్ద మేరగా వచ్చు గింజలు. కట్టునకు వేఱుగా రుసుము లేదు. పగలు గడపలో నిలువనీయనివారు కూడ రాత్రి పుండు సలుపునపుడు మనవానినే పిలిపించుకొనెడివారు. ఈ మాట యిక్కడఁ జెప్పకుండ దాఁటిపోవుటకు మాకు మనసొప్పలేదు.

వాడిన పదార్థములను జూతము. పసుపు, వేపనూనె, నేయి, తేనె. వాపులకు ఎఱ్ఱచందనపు గంధము. ఈ చెట్టు మన పాలకొండలలో, శేషాచలమున, లంకమలలో సహజముగాఁ బెరుగునది. (ఇప్పుడది చట్టరక్షణలో నున్న వృక్షము. ఈ మాట విని యెవ్వరును గొడ్డలి చేతఁబట్టి కనుమ యెక్కవలదు.) తాజాగాయమునకు గడ్డిచేమంతి ఆకుపసరు. దీనినే గాయపాకనియు నందురు. చేలగట్లపై, రోడ్ల ప్రక్కల, ఎక్కడఁ జూచినను గనఁబడు నీ మొక్క మన దేశపుది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. అనఁగా మన తాతలు వాడిన యాకులన్నియు ఋషులనాఁటివి కావు. క్రొత్త మొక్క యొకటి చేలోఁ గనఁబడఁగా, దానిని నలిపి చూచి, పిండి చూచి, నెత్తురు నిలుచుట గమనించి వాడుకలోనికిఁ దెచ్చుకొన్నవారెవ్వరో మనవంటివారే యుండిరి. పూర్వాచారమును గన్నులు మూసికొని పట్టుకొనుటకన్న నిది గొప్ప వైభవమని మా యభిప్రాయము.

క్షురకవృత్తికిని శస్త్రవైద్యమునకును గల సంబంధము మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో క్షురకులును శస్త్రవైద్యులును 1540లో నొక్క సంఘముగాఁ గలుపఁబడి, రెండువందల యేండ్లకుఁ బైగాఁ గలసియుండి, 1745లో విడిపోయిరి. ఫ్రాన్సు దేశమున ఆంబ్రోయ్ పారే అను క్షురక శస్త్రవైద్యుఁడు 1537లో ట్యురిన్ ముట్టడియందు సేనవెంట నుండెను. తుపాకిగాయము విషముతోఁ గూడినదని నమ్మి దానిలో మరుగుచున్న నూనె పోయుట నాఁటి పద్ధతి. ఒకనాఁడు నూనె యైపోయెను. గ్రుడ్డు పచ్చసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి మిగిలినవారికిఁ బట్టువేసెను. తాను జేసినది తప్పేమోయని రాత్రి నిదురపట్టక, వేకువనే లేచి చూడఁబోఁగా, నూనె పోయఁబడినవారు జ్వరముతో, వాపుతో మూల్గుచుండిరి. నూనె దొరకనివారు సుఖముగా నుండిరి. అంతట మరుగునూనెను మానివేసెను. 1545లో తుపాకిగాయముల చికిత్సపై నొక గ్రంథమును బ్రకటించెను. లాటినుభాష రానివాఁడు గావున ఇంటిభాషలోనే వ్రాసెను.

దీనికి ప్రక్కన మన దేశపు ముచ్చట యొకటి. మైసూరు యుద్ధములో ఆంగ్లసేనకు బండితోలిన కవాస్‌జీ అను నతనిని టిప్పుసుల్తాను సైనికులు పట్టుకొని ముక్కు గోసివేసిరి. పూనాదగ్గఱ ఇటుకలు చేయు కులమువాఁ డొకఁడు నొసటి చర్మమును దించి క్రొత్తముక్కును గట్టెను. 1794లో లండను పత్రికయగు జెంటిల్‌మన్స్ మ్యాగజైనులో నీ వృత్తాంతము బొమ్మతో సహా ప్రకటింపఁబడి, యూరపుఖండపు శస్త్రవైద్యులకుఁ గనువిప్పు గలిగించెను. రోగి పేరు అందున్నది. చూచిన యాంగ్ల వైద్యుల పేర్లున్నవి. చేసినవాని పేరు లేదు. అతఁడు వ్రాసికొనలేదు, అతని పక్షమున వ్రాసినవాఁడును లేఁడు. పారేకును ఇతనికిని చేతిపనిలోఁ దారతమ్యము లేదు. భేదమంతయు కాగితములో నున్నది.

ఇఁక గాయములో నేమి జరుగునో చెప్పెదము. ఇది తెలియక కట్టునుగూర్చి మాటలాడుట వ్యర్థము.

చర్మము తెగఁగానే నెత్తురు గడ్డకట్టి ద్వారమును మూయును. తరువాత కొన్ని గంటలలో నెత్తుటిలోని తెల్లకణములు గుంపులుగా నక్కడికిఁ జేరును. అవి సూక్ష్మక్రిములఁ జంపుటకు ఆమ్లజనినుండి మిక్కిలి చుఱుకైన పదార్థములను బుట్టించును: సూపరాక్సైడు, హైడ్రొజన్ పెరాక్సైడు, హైపోక్లోరస్ ఆమ్లము. బావిలోఁ జల్లు బ్లీచింగు పొడి నీటఁ గలసినపుడు పుట్టునది ఈ కడపటిదే. మన శరీరము తన బ్లీచింగును దానే చేసికొనుచున్నదన్నమాట. ఈ పదార్థములు కొలఁదిగా నున్నపుడు క్రిములఁ జంపుటయే కాక, క్రొత్త నెత్తుటినాళములను, క్రొత్త చర్మమును బుట్టింపుఁడని చుట్టునున్న కణములకు వర్తమానము నందించును. మితిమీఱినచో కట్టవలసిన కణములనే కాల్చును. చర్మమునకు నూలువంటిదైన కొల్లాజెన్ అను మాంసకృత్తును దెంచివేయును.

మన రైతు గట్టుమీఁది యెండుకంపకు నిప్పు పెట్టుటను దలఁచుకొనుఁడు. కంప కాలవలెను. కాని రైతు పచ్చికొమ్మను జేతఁబట్టుకొని, గాలి యెటు తిరుగునో చూచుచు, నిప్పు దాఁటిన చోటనెల్లఁ గొట్టి యార్పుచుండును. ఆ కొమ్మ లేక మంట వేరుసెనగ వామికి నంటుకొన్నచో సంవత్సరపు కష్టము బూడిదయే. శరీరములోఁ బచ్చికొమ్మ పని చేయు పదార్థములకే నేఁడు యాంటీ ఆక్సిడెంట్లని పేరు. కొన్నింటిని శరీరము తానే చేసికొనును. కొన్నింటి నాహారమునుండి పొందును. ఉసిరికాయలోని సి విటమి నట్టిది. కొల్లాజెన్ నేఁతకు నది యావశ్యకము. అది లేనిచో నేమగునో యొక నావికుని కథ చెప్పును. 1740 మొదలు 1744 వఱకు ఆన్సన్ అను నాంగ్ల నౌకాధిపతి భూమిని జుట్టివచ్చిన యాత్రలో, తాజా కాయకూర లేక స్కర్వీ వ్యాధి ప్రబలెను. అప్పటికి ఏఁబది యేండ్లకు ముందు బోయిన్ యుద్ధములోఁ దగిలి, మాని, మచ్చపడిపోయిన గాయము ఒక వృద్ధ సైనికునికి మరలఁ దెఱచుకొని, అది యెన్నఁడును మాననట్లే పచ్చిపుండయ్యెను. మానిన గాయము మానినట్లే యుండుటకుఁ గూడ శరీరము దినదినమును బని చేయుచున్నదని దీనివలనఁ దెలియును.

మధుమేహము, అనఁగా మన యూళ్లలో షుగరు వ్యాధి, గలవారి పుండులో నీ మంట యాఱదు. నెత్తురు చాలినంత చేరదు. నరములు మొద్దుబాఱుటచే నొప్పి తెలియదు. వారములు, నెలలు గడచినను తెల్లకణములు నిప్పు రాజేయుచునే యుండును. కట్టువాఁడు కట్టుచుండఁగనే కూలఁద్రోయువాఁడు కూలఁద్రోయుచుండును. ఇచ్చటనే యాంటీ ఆక్సిడెంటు కట్టులను గూర్చిన ప్రయత్నము ఆరంభమైనది.

అంతకుముందు కట్టునుగూర్చియే యొక పాతనమ్మకము తొలఁగవలసి యుండెను. పుండు గాలి తగిలి యెండవలెనని మన పెద్దలును, ఇతర దేశముల పెద్దలును నమ్మిరి. 1962లో జార్జి వింటర్ అను శాస్త్రజ్ఞుఁడు పందుల చర్మముపైఁ జిన్న గాయములు చేసి, కొన్నింటిని గాలికి విడిచి, కొన్నింటిని పలుచని ప్లాస్టిక్ పొరతోఁ గప్పెను. కప్పిన గాయములపైఁ గ్రొత్తచర్మము ఇంచుమించు రెట్టింపు వేగముతోఁ బ్రాకెను. ఎండిన పెచ్చు క్రింద కణములు దారి త్రవ్వుకొనుచుఁ బోవలెను. తడిగా నున్నచోట జాఱుచుఁ బోవును. అప్పటినుండి కట్టనఁగా వట్టి గుడ్డ కాదు. తడిని నిలుపవలెను, ఎక్కువైన రసిని పీల్చవలెను, క్రిములను రానీయరాదు, తీయునపుడు క్రొత్తచర్మమును బెఱికివేయరాదు. నేయి పూసిన మెత్తని పాతగుడ్డ అంటుకొనకుండుటయందు మన తాతల చూపు సరియైనదే. బూడిదయు సున్నమును జల్లి యెండఁబెట్టుటయందు సరియైనది కాదు. రెంటిని నొప్పుకొనుటలో మనకు సిగ్గులేదు.

ఇట్టి కట్టులోనే పచ్చికొమ్మను గూడఁ బెట్టినచో నెట్లుండునని శాస్త్రజ్ఞులు తలఁచిరి. సి, ఇ విటమినులు, తేనె, తేయాకుసారము మున్నగువానినెల్లఁ బరీక్షించిరి. మన ఎఱ్ఱచందనపు చేవలోని టెరోస్టిల్బీనును ఈ జాతిదే. కాని యన్నింటికన్న నెక్కువగా నందఱి దృష్టియుఁ బసుపుమీఁదఁ బడినది. కడప పసుపు సంతలలోఁ బేరుగన్నది. మైదుకూరు పేరుతో నొక రకమే కలదు. పసుపునకు రంగునిచ్చు కుర్క్యుమిన్ అను పదార్థమును 1815లోనే యూరపువారు వేఱుచేసిరి. దాని నిర్మాణము 1910లోఁ దెలిసెను. అది చుఱుకైన పదార్థముల నణఁచును, వాపును దగ్గించును. కాని రెండు చిక్కులున్నవి: నీటఁ గరఁగదు, వెలుతురునకు నిలువదు. కావున దానిని మోయుటకుఁ దగిన వాహనము కావలెను.

ఆ వాహనములలో నొకటి మదరాసునఁ గేంద్ర చర్మపరిశోధన సంస్థలో సిద్ధమయ్యెను. 1948లో స్థాపింపఁబడిన యీ సంస్థకు 1958 మొదలు 1971 వఱకు నిర్దేశకుఁడుగా నుండినవారు తెనాలిప్రాంతపు యలవఱ్ఱులో జన్మించిన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. 1985లో కనిష్క విమానదుర్ఘటనలో వారు మరణించిరి. పశువుల చర్మమును శుద్ధి చేయుటయే యా సంస్థ పని. చర్మములో ముఖ్యపదార్థము కొల్లాజెన్. దానిని వేఱుచేసి పలుచని పొరగాఁ బఱచినచో మనుష్యుని పుండునకుఁ గట్టగును. ఆ పొరలో కుర్క్యుమినును జేర్చి యెలుకల గాయములపై వారు చేసిన పరీక్ష 2004లో బయోమెటీరియల్స్ అను పత్రికలోఁ బ్రకటింపఁబడెను. పసుపుసారము చేర్చిన పొరక్రింద గాయము త్వరగాఁ గుంచించుకొనెననియు, కణముల వృద్ధి హెచ్చెననియు, చుఱుకైన పదార్థము లణఁగెననియుఁ దేలెను. తోలుపని చేయువారిని, క్షురకులను ఊరిచివఱ నుంచిన సంఘములో, తోలు పరిశోధనశాలనుండియే పుండునకు మంచికట్టు వచ్చుట మాకు సంతోషకరముగా నున్నది. నాఁటినుండి పసుపుసారముతో జెల్లులు, నూలుకన్న సన్నని పోగుల వలలు, రొయ్యపెంకులనుండి తీసిన కైటోసాను పొరలు పెక్కు పరీక్షింపఁబడినవి.

పసుపునుగూర్చిన వ్యాజ్యమును మీలోఁ గొందఱు వినియుందురు. 1995లో అమెరికాదేశమున మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, గాయములు మాన్పుటకుఁ బసుపును వాడుటపై పేటెంటు లభించెను. కనిపెట్టినవారుగాఁ బేర్కొనఁబడిన యిద్దఱును భారతీయ సంతతివారే. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనమండలి 1996లో దానిపై నభ్యంతరము దెలిపెను. 1997లో పేటెంటు రద్దయ్యెను. ఎట్లు రద్దయ్యెను? మా యవ్వ వాడెను, మీ తాత వాడెను అని చెప్పినందున గాదు. సంస్కృత గ్రంథములను, 1953లో భారత వైద్యసంఘ పత్రికలో నచ్చుపడిన వ్యాసమును, మఱికొన్ని పత్రములను జూపినందున. మన పొదిలోని విద్యలో నెంత భాగము కాగితముపైఁ గలదని యెవ్వరైన నడిగినచో నేమి చూపుదుము?

ఇంతవఱకు విన్నవారు, ఇఁక మన పసుపే పరమౌషధమని శాస్త్రము తేల్చినదిగదా యని యింటికిఁ బోవుదురేమో. అట్లు పోవలదని చెప్పుటకే మేమీ వేదిక యెక్కితిమి.

ఎలుక మనుష్యుఁడు కాదు. ఎలుక చర్మము గాయపడినపుడు చాలవఱకు ముడుచుకొని మూసికొనును. మన చర్మము క్రొత్తగాఁ బెరిగి కప్పవలెను. మధుమేహ పాదవ్యాధులపై నేర్పడిన అంతర్జాతీయ కార్యవర్గము 2023లోఁ బ్రకటించిన సూచనలలో, పాదపు పుండు త్వరగా మానవలెనను నుద్దేశముతో తేనె కట్టులను గాని, కొల్లాజెన్ కట్టులను గాని, మూలికల కట్టులను గాని వాడవలదని స్పష్టముగాఁ జెప్పినది. చాలినంత నమ్మఁదగిన సాక్ష్యము లేదనుటయే కారణము. రసిని బట్టి, ఖర్చును బట్టి, రోగి సౌకర్యమును బట్టి సామాన్యపు కట్టు నెంచుకొనవలెనని వారి మాట. అమెరికా ప్రభుత్వము వైద్యమునకుఁ దగినట్లు శుద్ధిచేసిన తేనెకట్టును 2007లో విక్రయమునకు ననుమతించినది నిజమే. అమ్ముటకు ననుమతి వేఱు, అన్ని పుండ్లకు మేలని ఋజువగుట వేఱు. ఈ విద్య యింకను బరీక్షలో నున్నది. ఆశ పెట్టుకొనుట యుచితము. ప్రాణము పెట్టుట తగదు.

ఇఁక వంటయింటి పసుపు మాట. పసుపుపొడిలో నెక్కువ భాగము పిండిపదార్థమే. కుర్క్యుమిన్ సామాన్యముగా నూటికి రెండు మొదలు ఐదు పాళ్లు మాత్రమే. ముద్దగాఁ బెట్టినచో నెండి పెచ్చుకట్టి క్రింది చీమును గప్పివేయును. నేలలోఁ బుట్టి నేలపై నెండినది గావున క్రిముల బీజములు దానిలో నుండవచ్చును. వన్నెకొఱకు సీసపు క్రోమేటును గలుపు దుర్మార్గము బంగ్లాదేశములోఁ గనుఁగొనఁబడినట్లు 2019లో నొక పరిశోధన వెలువడినది. ప్రయోగశాలలోని శుద్ధమైన పొర వేఱు, మన పోపులడబ్బా వేఱు.

మా బంధువులలో నొక పెద్ద యుండెను. నలువది యేండ్లు దుకాణములో నిలుచుండి పని చేసినవాఁడు. షుగరు ఉన్నదని తెలిసి మాత్రలు వేసికొనుచుండెను. దొరికినపుడు వేసికొనెననుట నిజము. ఒకనాఁడు చెప్పులోని మేకు బొటనవ్రేలి క్రింద గ్రుచ్చుకొన్నది. నొప్పి లేదు. సాయంకాలము చెప్పు విడిచినపుడు నెత్తురు కనఁబడినది. మన కులమువాఁడు పుండుకు వైద్యుని వెదకుకొనుచుఁ బోవుటయా యని నవ్వెను. ఇంటిలోనే పసుపును సున్నమును నూరి పట్టువేసితిమి. ఆ నూరిన చేతులలో మా చేతులును గలవు. పైన పెచ్చు కట్టినది, మానుచున్నదనుకొంటిమి. దుకాణము మానలేదు, మానినచో నాఁటి కూలి లేదు. తొమ్మిదవ వారమునఁ బాదము నల్లఁబడినది. మోఁకాలి క్రిందికిఁ గాలు దీసివేసిరి. ఆ మీఁద రెండేండ్లు మాత్రమే బ్రదికెను. పెచ్చును దీసి క్రింద నేమున్నదో చూడవలెనను బుద్ధి మా కొక్కనికిని బుట్టలేదు. పండిన గడ్డను వ్రేలితో నొత్తి చెప్పఁగల తాతకు మనుమలము. పూర్వుల పేరు చెప్పుకొనుటలో మునిఁగి పూర్వుల చూపును గోలుపోయితిమి.

ఇట్టి యిల్లు మాదొక్కటియే కాదని యెఱుఁగుదుము. దేశమున పది కోట్ల మందికిఁ బైగా మధుమేహము గలదని భారత వైద్యపరిశోధన మండలివారి లెక్క 2023లోఁ బ్రకటితమైనది. ఆ వ్యాధి గలవారిలో నూటికి 19 మొదలు 34 మందికి జీవితములో నెప్పుడో యొకప్పుడు పాదమునఁ బుండు పుట్టునని 2017నాఁటి యొక వైద్యసమీక్ష తెలుపుచున్నది. అరికాలి పుండునకు మొదటి చికిత్స యే కట్టో యేలేపమో కాదు. దానిపై బరువు మోపకుండుట. అందుకై మోఁకాలివఱకుఁ బట్టీవంటిది కట్టి యొత్తిడి తొలఁగింతురు. నెత్తురు ప్రసారము చూచి, చచ్చిన మాంసము దీసి, క్రిమిదోషముండిన మందిచ్చి, షుగరు నదుపులోఁ బెట్టిన తరువాతనే కట్టు సంగతి.

మన వృత్తి యేమి? ఉదయమునుండి రాత్రివఱకు నిలుచుండుట. సెలవుదినములలో మఱింత యెక్కువగా నిలుచుండుట. పెండ్లిండ్ల కాలమున సన్నాయి భుజమున వేసికొని యూరేగింపులో నడచుట. ప్రపంచములోని మేలైన యాంటీ ఆక్సిడెంటు కట్టు తెచ్చి కట్టినను, దానిమీఁదనే పండ్రెండు గంటలు నిలుచున్నచో నది మానదు. నిలుచుండవలదని చెప్పు వైద్యునికి మన యింటి పొయ్యి సంగతి తెలియదు. తెలిసినవారము మనము.

కావున పోషకులకును, కార్యవర్గమునకును ఒక ప్రార్థన. సభామండపమునకు, పూలమాలలకు, పటములకు సంఘము వ్యయము చేయు ధనములోఁ గొంత భాగమును వేఱుగాఁ దీసి, పాదమునఁ బుండు గలిగిన సంఘసభ్యునికి వైద్యుఁడు నిలువవలదని వ్రాసి యిచ్చిన దినములకు దినభత్యము చెల్లించు నిధి నొకదానిని నెలకొల్పవలెను. ఇది దానము కాదు. పూర్వము ఒక యింటివాఁడు జబ్బుపడినపుడు అతని వంతు ఊరిపనిని దాయాదులు చేసి, మేర నతని యింటికే చేర్చెడివారు. దానినే పట్టణపు దుకాణమునకు మార్చుకొందము. ప్రక్కవీథి యువకుఁ డొకఁడు ఆ దుకాణమున కుర్చీ నడిపి, వచ్చినదానిలో సగము తాను గైకొనును. లోటును నిధి పూరించును. డబ్బు దుర్వినియోగమగునని కొందఱు పెద్దలు మాతో ననిరి. కావచ్చును. అట్లగునేమోయని కాలిని బోఁగొట్టుకొనుటకన్న, లెక్కలు చూచు నిద్దఱిని నియమించుట సులభము.

దానితోపాటు, డెబ్బది యేండ్లు దాఁటిన మన పెద్దలవద్దకు చదువుకొన్న పిల్లలు పోయి, వారు వాడిన యాకు పేరు, ఏ పుండునకు, ఎంత, ఎన్ని దినములు, మానినదా, మానలేదా అనునది వ్రాసికొనవలెను. మాననివానిని దప్పక వ్రాయవలెను. మన పిల్లలు ఫార్మసీ కళాశాలలలోను నర్సింగు పాఠశాలలలోను జదువుచున్నారు. ఆ పుస్తకమును బరీక్షింపఁగలవారు వారే. పుస్తకము వ్రాసినంతమాత్రమున నింటింట మందు గట్టి యమ్మవలదు.

మధ్యాహ్న సమావేశమున తీర్మానములు ప్రవేశపెట్టుదురు. నిధినిగూర్చిన తీర్మానమును నాలుగు వాక్యములలో వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. మొత్తము వ్రాయవలసిన చోట ఖాళీ విడిచితిమి. భోజనానంతరము మండపపు కుడివైపు గదిలో, నలువది యేండ్లు దాఁటిన వారందఱును జెప్పులు విడిచి పాదములు చూపించుకొనుటకు మన నర్సు విద్యార్థినులు కుర్చీలు వేసి సిద్ధముగా నున్నారు. మొదటి కుర్చీలో మేము కూర్చుండెదము.